తల దొరకలేదు

నౌబత్ పహాడ్ ఎక్కేసరికే
సగం మంది నీళ్ళ సీసాలు ఖాళీ.
ముప్పై ఆరుగురు పిల్లలు, ఇద్దరు టీచర్లం,
టికెట్ల డబ్బుల్లో పదకొండు రూపాయలు తక్కువ.
ఆ లెక్క తర్వాత చూద్దామని
మందని లోపలికి తోలాను.

చల్లటి చీకట్లో నిలబడి ఉంది అది.
గోదావరి దిక్కు, యామనపల్లి మట్టిలో
పదహారు కోట్ల ఏళ్ళు పడుకుని
హాజరు పలకడానికి
ఆలస్యంగా లేచి వచ్చినట్టు.

"ఇది ఒక్కటి కాదు" అన్నాను.
"పన్నెండింటి ఎముకలు ఏరి, కలిపి,
ఒక్కటిగా నిలబెట్టారు.
తల మాత్రం దొరకలేదు.
ఆ పైన కనిపించేది మనుషుల ఊహ."

"అంటే మా క్లాసే మేడమ్" అన్నాడు నర్సింలు,
"అందరం కలిస్తే ఒక్కటైతం. తల్కాయె లేదు."

నవ్వు పక్కటెముకల సందుల్లోంచి దూరి
పైకప్పుకు తగిలింది.

ముబీనా నవ్వలేదు.
రెయిలింగు మీద గడ్డం ఆనించి
మెడనే చూస్తోంది, ఒక్కో పూస.
పుప్పాలగూడలో వాళ్ళ నాన్నది చికెన్ సెంటర్.
"మేడమ్, గీ బొక్కలు నాకెర్కే.
గింతంత ఉంటయ్ మా దగ్గర."
చిటికెన వేలు చూపించింది.

పుస్తకంలో ఆ పాఠానికి నేను
రెండు పీరియడ్లు తీసుకున్నాను.
ఆమెకి ఒక వేలు సరిపోయింది.

"కోడికి ఇది తాత కాదమ్మా,
తాతకి దూరపు దాయాది" అన్నాను.
"మరి పెండ్లిళ్ళకు పిలుచుకునేటోళ్లేనా?" అంది.

సోమవారం ఉర్దూ పేపర్లో చుట్టుకొచ్చింది.
సోడా నీళ్ళలో ఉడికించి, ఎండబెట్టి
దారానికి గుచ్చిన కోడి మెడ.
పూస పూసకీ బాల్‌పెన్నుతో నంబరు.
అది బెంచీ బెంచీ తిరిగి వచ్చేసరికి
ఏడో నంబరు ఎవరి జేబులోనో ఆగిపోయింది.

మర్నాడు మైదానంలో తాడు పరిచాం.
మీటరుకు కోటి ఏళ్ళు.
బడి వెనక బండ దగ్గర మొదలుపెట్టాం,
దాని వయసు రెండువందల యాభై మీటర్లు.
గోడ వెంట, కుళాయి చుట్టూ,
వంటగది పొగలోంచి, మళ్ళీ గోడ వెంట.
ఆ పెద్ద జంతువు రావడానికే
తాడు దాదాపు అయిపోయింది.

"మనం ఏడున్నం మేడమ్?"
"చివరి మూడు సెంటీమీటర్లలో."
"మరి హైదరాబాదు?"
జడలోంచి ఊడిన వెంట్రుక ఒకటి తీసి
తాడు కొసన అడ్డంగా పెట్టాను.
"దీని మందం కూడా లేదు."

ఎవరూ మాట్లాడలేదు కాసేపు.
నర్సింలు వంగి, వెంట్రుక ఎగిరిపోకుండా
రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

ఒంటిగంటకు సీటీ ఊదారు.
బడి వెనక బండని పేలుస్తున్నారు,
ముప్పై రెండంతస్తులు లేస్తాయట అక్కడ.
గుడ్డు పెట్టే రోజు.
ఢామ్మనగానే ముప్పై ఆరు పళ్ళేల్లో
ముప్పై ఆరు గుడ్లు కదిలాయి.
దుమ్ము దిగాక చూస్తే
తాడు మొదలు కట్టిన చోటు లేదు.

పిల్లలు నా వైపు చూశారు.
"తినండి" అన్నాను. ఇంకేమనాలో
శిక్షణలో చెప్పలేదు.

ఇప్పుడు రాత్రి పదిన్నర, పేపర్లు దిద్దుతున్నాను.
సుస్థిరాభివృద్ధి అనగానేమి? రెండు మార్కులు.
భవిష్యత్ తరముల అవసరములకు భంగము కలగకుండా
అని ముప్పై అయిదు మంది,
కామాతో సహా ఒకే చోట ఆగి.

ముబీనా కాగితం ఆఖరున ఉంది:
"మన బొక్కలు దొరికినోళ్ళు
మనల తిట్టుకోకుంట బతుకుడు."
కింద, జాగా మిగిలింది కదా అన్నట్టు
చిన్న అక్షరాల్లో ఇంకో మాట:
"మన తల దొరక్కపోతే
వాళ్ళు మంచిదే ఊహించి పెట్టాలె."

ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపయింది.
దీపం కింద ఇంకు ఆరిపోతోంది.
కిటికీ అవతల, రాత్రిపూట కూడా,
లారీలు రాళ్ళని మోస్తున్నాయి.