సాక్షి సంతకం

గళ్ళ పుస్తకం కొనుక్కు రమ్మంది దూఫియే,
బడిపిల్లలు లెక్కలు చేసుకునేది, ఎనభై పేజీలది.
"నా బిడ్డల్లో ఏ ఒక్కరు రాసినా మిగతా ముగ్గురూ నమ్మరు.
నువ్వు రాయి లామిసీ,
నీ అక్షరాలకి ఈ ఇంట్లో చుట్టాల్లేరు."

కుమాసీ మార్కెట్లో మిట్టమధ్యాహ్నం.
రేకుల కింద కొత్త మైనపు అద్దకం వాసన, పాత చెమట వాసన.
బేరం ఆపదు ఆమె. గజాలు కొలుస్తూనే చెబుతుంది,
కొనేవాళ్ళు వెళ్ళాక మళ్ళీ అక్కణ్ణించే అందుకుంటుంది
తెగిన దారాన్ని పళ్ళతో పట్టినట్టు.

ఫోన్లో డబ్బుంది. దాని రహస్య సంఖ్య
ఒకటి, తొమ్మిది, ఎనిమిది, మూడు.
"అడవులు తగలబడి గంజికి కరువొచ్చిన ఏడు.
ఆనాడు కడుపు మాడినవాళ్ళు మర్చిపోరు,
తర్వాత పుట్టినవాళ్ళకి తట్టదు."
తర్వాత పుట్టినదాన్నే నేను. రాసుకున్నాను.

రావలసిన బాకీలు ఇరవై మూడు పేర్లు.
"దాని మొగుడు పోయాడు, కొట్టేయ్.
ఇది తెలిసే ఎగ్గొట్టింది, ఉంచు.
నా శవం దగ్గర గుండెలు బాదుకుంటుంది చూడు,
అప్పుడీ పేజీ చూపించండి,
ఏడుపు సగానికి సగం తగ్గుతుంది."

తను తీర్చాల్సింది ఒక్కటే:
కరువునాడు ఫోరివా పెట్టిన మొక్కజొన్న పిండి,
ఒక చిప్పెడు.
"ఇవాళ్టి సెడీల్లో ఎంతని వేస్తావు?
మధ్యలో డబ్బుకి నాలుగు సున్నాలు కొట్టేశారు.
ఆకలికి కొట్టలేదు."
అంకె వేయాల్సిన గడి ఖాళీగా వదిలేశాను.

"నెలల తరబడి ఐసు గదిలో పెట్టకండి,
రోజు అద్దె కట్టి పడుకునే అలవాటు నాకు లేదు.
గోడలకంటించే ఫోటోలో నవ్వుతున్నది వద్దు,
పసుపు తలగుడ్డ కట్టి, బేరగాడి వంక చూస్తానే, అది.
అడుగుపెట్టెలో పన్నెండు గజాలది పెద్దకోడలికి.
ఆ అద్దకం పేరు 'అడిగితే చెబుతా'.
అది ఎప్పుడూ అడగలేదు. అయినా ఇవ్వండి."

లాయరు గుమాస్తా కొట్టుకే వచ్చాడు.
నా గళ్ళ పుస్తకం చూసి తెల్ల కాగితాల మీద విల్లు రాశాడు.
ఇద్దరు సాక్షులు కావాలన్నాడు.
కలం నా చేతిలోనే ఉంది.
"నువ్వు కాదు" అంది దూఫియే.

యాము దుంపలమ్మే బోటెమాని కేకేసింది,
పక్క కొట్టు ముసలి దర్జీని పిలిచింది,
నన్ను చల్లటి నీళ్ళకి పంపింది
మూడు వరసల అవతలికి,
మా ఎదురుగానే ఒక పిల్ల నీళ్ళమ్ముతుంటే.
తిరిగొచ్చేసరికి
చివరి కాగితం మడిచి లక్క వేసేశారు.

పదకొండేళ్ళు.
ఉత్తరాది నుంచి నెత్తిన తట్టతో వచ్చినదాన్ని,
ఆమె మూటలు మోసి, ఆమె కొట్టు వెనక పడుకుని
ఆమె రసీదుల మీదే అక్షరాలు దిద్దినదాన్ని.
తాళాలు నా మొలలో ఉంటాయి.
సంతకానికి మాత్రం పనికిరాలేదు.
ఆ రాత్రి తానులు మడిచాను గానీ అంచులు కలపలేదు.
చూసింది. ఏమీ అనలేదు.

శుక్రవారం రుసుము రసీదు పట్టుకుని గుమాస్తా వచ్చాడు.
నేను అడగలేదు. దర్జీ తాత అడిగాడు పరాచికానికి,
"నాకూ ఓ గజం ముక్క రాసిందేమో చూడు నాయనా" అని.
"సాక్షి సంతకం పెట్టినవాళ్ళకి
విల్లులో చిల్లిగవ్వ కూడా చెల్లదు తాతా"
అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

దూఫియే అటు తిరిగి ఉంది,
గజానికి రెండు సెడీలు తగ్గించేది లేదని
ఎవరితోనో గట్టిగా.
నేను కింది వరస తానులు దించి
ఒక్కొక్కటే విప్పాను.

"అంచులు కలుస్తున్నాయా?" అంది, వెనక్కి తిరక్కుండానే.
"కలుపుతున్నా" అన్నాను.