పోస్టుకార్డు మందం

రాయగడ. గుణుపురం రోడ్డు. రేకుల షెడ్డు.
గాలి అటు తిరిగితే పేపరు మిల్లు నుంచి
ఉడికిన వెదురు వాసన.

నిరాకార్ పాణిగ్రాహి గారి మాజ్దా వచ్చి నిలబడింది.
ఒకప్పుడు చామంతి రంగు, ఇప్పుడు ఉడకేసిన పసుపుకొమ్ము.
మిల్లులో యంత్రాలు బిగించడానికొచ్చిన జపాను ఇంజినీరు
వెళ్తూ వెళ్తూ వాళ్ళ నాన్నకి అమ్మేసిన బండి.

దీనికి పిస్టన్లు లేవు.
నమ్మని లారీవాళ్ళకి చెప్పీ చెప్పీ
ఇప్పుడొకటే అంటాను:
మూకుట్లో సమోసా గిరగిరా తిరుగుతుంది, అంతే.

గదికి రెండు ప్లగ్గులు, కింద ఒకటి, పైన ఒకటి.
వాటికి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్లో
పాయింట్లు కాలి గుంటలు పడ్డాయి.
చలి పొద్దున్నే దగ్గుతుంది బండి,
బ్యాంకు మెట్ల మీద పింఛనుదారులా.

మా అప్పలసూరి మేస్త్రి ఆ పాయింట్ల సందుని
పోస్టుకార్డుతో కొలిచేవాడు.
రెండు మడతలు. బిగుతుగా దూరాలి, మెత్తగా రావాలి.
ఆయన పోయాక పానాల పెట్టె నాకొచ్చింది,
కార్డూ వచ్చింది.
నేను ఉక్కు రేకుల గేజి కొనుక్కున్నాను.

మస్కట్లో క్రేను తోలే మా బావమరిది గవరయ్య
తుక్కు దొడ్లో విప్పించిన ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ని
లుంగీలో చుట్టి, ఖర్జూరాల డబ్బాలో పెట్టి పంపాడు.
ఇందులో పాయింట్లు లేవు.
ఒక అయస్కాంతం, ఒక పళ్ళ చక్రం.
ఒకదాన్నొకటి తాకవు. పక్కనించి పోతే చాలు,
నిప్పు పుడుతుందట.
నాకు నచ్చలేదు.
ముప్పై ఏళ్ళు తాకిడి మీద బతికినవాణ్ణి.

పుల్లీ మీద పసుపు గీతని కవరు మీది ముల్లుకి కలిపి
పాతది పైకి లాగాను. సుకూ కద్రక టార్చి పట్టాడు.
కొత్తది దిగేటప్పుడు ఏటవాలు పళ్ళ మీద కాస్త తిరుగుతుంది,
ఆ తిరుగుడు ముందే వెనక్కి పెట్టుకోవాలి,
అప్పిచ్చేవాడు వడ్డీ ముందే పట్టుకున్నట్టు.
మూడోసారికి కూచుంది.
బెల్లం ముక్కంత తెల్లరాయి, ఆ బాలాస్టు,
దానికిక పని లేదు.

ఇక సందు చూడాలి. ఉక్కు రేకు పెట్టాను.
అయస్కాంతం లటుక్కున పట్టేసింది.
పెడితే అంటుకుంటుంది, లాగితే అంటుకుంటుంది,
అది కొలత కాదు, మోహం.
సుకూ కిసుక్కున నవ్వాడు.

పెట్టె అడుగున, వాషర్ల కింద, కార్డు.
రెండు మడతలు.
బిగుతుగా దూరింది.
మెత్తగా వచ్చింది.

"ఏటి రాసుంది మేస్త్రీ?"
వాడికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.
గ్రీజు కింద మిగిలింది ఒక్క వరసే:
ఇక్కడ వానల్లేవు, మేకని అమ్మేశాం.
ఎవరు రాశారో చెరిగిపోయింది.

తాళం తిప్పితే, ఢాం!
సైలెన్సర్లోంచి మంట. పక్క చికెన్ కొట్లో
కోళ్ళన్నీ ఒక్క పెట్టున లేచాయి.
నేను కాయిలు చూశాను, బ్యాటరీ చూశాను,
మస్కట్‌ని తిట్టాను.
సుకూ తీగ తీగా వేలితో తడుముకుంటూ పోయి,
"మేస్త్రీ, కిందిది ముందు కదా మండాల?
మీరు పైదాన్ని ముందెట్టేరు."

నిజమే.

మార్చాక దగ్గు లేదు.
మజ్జిగౌరమ్మ కొండ కింద తేనెపట్టు కదిలినట్టు
ఒకటే హోరు.

పాణిగ్రాహి గారు చెకాగుడా వంతెన దాకా పోయొచ్చి
"హఉ, భల హెలా" అన్నారు,
నాలుగొందలు తగ్గించి ఇచ్చారు.
పాతది డిక్కీలో పెట్టమన్నారు, ఎందుకైనా మంచిదని.
పెట్టాను.

సాయంత్రం చేతులు కడుక్కుంటూ
సుకూ కార్డు అడిగాడు.
గేజి తీసుకోరా అన్నాను.