డౌన్ అనేదాకా

ఆదివారం డ్యూటీ మార్చుకున్న.
నా బదులు ఉప్పల్ బండి ఎక్కింది భారతమ్మ.
ఎందుకంటే, పెండ్లి ఉందన్న.
ఎవరిదని అడగలే, బతికిపోయిన.

ముషీరాబాద్‌ల ఫంక్షన్ హాలు.
రాత్రి రిసెప్షన్ బంతిపూలు ఇంకా ఊడ్వలేదు.
గోడకు థర్మోకోల్ అక్షరాల్లో
పిల్లగాని పేరు ఊడిపోయి
పిల్ల పేరొక్కటే మిగిలింది.
మహారాజా కుర్చీలు మూలకు నెట్టి
స్టేజీ మీద రబ్బరు పలకలు పరిచిండ్రు.
పెండ్లన్న మాట పూరా అబద్ధమేం కాదు.

ముందు తూకం.
నా బరువు డాక్టరమ్మకైనా చెవిలోనే చెప్పేదాన్ని.
ఇక్కడొక పిల్ల గొంతెత్తి చదివింది:
డెబ్బై ఒకటి పాయింట్ నాలుగు.
ఇంకో పిల్ల రాసుకున్నది,
ఉల్లిగడ్డ బస్తా మీద రాసినట్టు.
ఎవ్వరూ నవ్వలే.
ఎవరన్న నవ్వుతరేమోనని
నేనే అందరి మొఖాలు చూసిన.

బిగుతు డ్రెస్సు మీద చున్నీ చుట్టుకొని కూసున్న.
మోకాళ్ళదాకా సాక్సులు ఉండాల్నన్నరు.
నా బిడ్డ హారికవి, తొమ్మిదో తరగతివి,
నలభై రెండేండ్ల పిక్కల మీద సాగి సాగి
ఎడమ మడమకాడ చిల్లు పెద్దగైంది.

నడుము నొప్పికని పోయిన జిమ్ముకు.
పదకొండు నెలల్ల నొప్పి పోయింది,
నేను పోలే.

మైకులో "మైషా, మైషా" అని పిలుస్తున్నరు.
ఎవరో సాయబుల పిల్ల అనుకున్న.
ఖదీర్ భాయ్ మోచేత్తో పొడిచి
"మైసమ్మక్కా, నువ్వే" అన్నడు.

ఎనభై కిలోలు.
రాడ్డు నాకు కొత్త కాదు.
పదహారేండ్లు బస్సులో పట్టుకున్నదే.
అది నన్ను నిలబెట్టే రాడ్డు,
ఇది నేను లేపాల్సిన రాడ్డు, గంతే ఫరక్.
మూడు తెల్ల లైట్లు వెలిగినయ్.

తొంభై రెండున్నర.
పసిపిల్లను చంకకెత్తుకున్నట్టు లేపిన,
దించేసిన.
మూడూ ఎర్రవే.

"లేపిన గద సార్!"
కండ్లద్దాల జడ్జి మెల్లగ అన్నడు:
"నేను చెయ్యి దించలేదమ్మా.
డౌన్ అనేదాకా ఆగాలె."

ఆగాలె.
నేను రైట్ అంటే కదిలేది బండి.
నేను హోల్డాన్ అంటే
జూబ్లీ స్టాండ్ల పోలీసు కూడా ఆగేటోడు.
ఇయ్యాల ఇంకొకరి చెయ్యి కోసం
నేను కండ్లు పెట్టుకొని చూడాల్నట.

"అదే బరువు మళ్ళ లేపు" అన్నడు భాయ్.
"వంద రాయి భాయ్,
రెండున్నరా ఏడున్నరా చిల్లర నాతోని కాదు."

సుద్దపొడి రుద్దుకున్న.
వంగిన.
నేలను తన్నిన.
మోకాళ్ళకాడ ఆగింది,
సాయంత్రం చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ఆగినట్టు,
ముందుకు రాదు, ఎనకకు పోదు.
చెవుల్ల గుయ్యిమని ఒకటే మోత.
గులాబి బెల్టు పిల్ల, నాతోని పోటీ పిల్లనే,
"అక్కా లెయ్! లెయ్ అక్కా!" అని ఒర్లింది.
పండ్ల కింద ఏదో కరకరమన్నది.

నిలబడ్డ.

ఇప్పుడు ఆ చెయ్యి.
గాల్లనే ఉంది.
వేళ్ళ సందుల నుంచి జారుతున్నది ఇనుము,
అరచేతి తోలు ఒక మడత ముడుచుకున్నది.
ఆ చేతికి వాచీ లేదు,
వాచీ పట్టీ మచ్చ ఉంది.
హోల్డాన్, అన్న లోపల.
హోల్డాన్. హోల్డాన్.
దిగేటోళ్ళు ఇంకా ఉన్నరు.

డౌన్.

రెండు తెలుపు, ఒకటి ఎరుపు.
ఆ ఎరుపు ఎందుకో ఇప్పటికీ తెల్వదు.
పాసే.
ఐదుగురిలో నాలుగో స్థానం,
ఐదో ఆమె రానేలేదు.

తిరుగు బస్సులో కండక్టర్ కొత్త పిల్లగాడు,
నన్ను గుర్తుపట్టలే.
జీరో టికెట్ మీద నా తెల్ల వేలిముద్ర చూసి
"పిండి పిసికొస్తున్నవా అక్కా?" అన్నడు.
"పెండ్లికి పోయొచ్చిన."

సీటు ఖాళీగనే ఉంది.
కూసుంటే లేవస్తదో రాదోనని నిలబడ్డ.
సాక్సు మీద నెత్తురు చుక్క ఎండింది,
రేపు బడి గంట కొట్టేలోపు
ఉతికి ఆరెయ్యాలె.