పదకొండు ఫ్రేములు

సెప్టెంబరు వస్తే బెండిగోలో
ఉత్తరాలు పంచేవాళ్ళందరం ముళ్ళపందులమవుతాం.
హెల్మెట్ చుట్టూ నిక్కబొడుచుకున్న ప్లాస్టిక్ పట్టీలు,
మాగ్‌పై పొడుస్తుందని.
గూట్లో దాని పిల్లలు కళ్ళు తెరిచే నెల అది.

నా హెల్మెట్‌కి కెమెరా కూడా ఉంది, చవకది.
మెకైవర్ రోడ్డు మలుపులో నేను పడ్డ రోజు
నలభై మూడు సెకన్లు తీసింది:
ఆకాశం, నా కేక, గాల్లో కరెంటు బిల్లులు,
చివర్న చాలాసేపు ఒక్క గడ్డిపోచ.

ఆ ముక్కని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని
మంగళవారం సాయంత్రాలు లైబ్రరీకి వెళ్తున్నాను.
నేర్పేది బ్రోన్విన్, ఒకప్పుడు గొర్రె ఉన్నికి రకాలు కట్టేది.
నేర్చుకునేది ముగ్గురం:
నేను, పద్నాలుగేళ్ళ టావిటా,
మొగుడి రిటైర్మెంటుకి ఫొటోలు అతికించాలని
ఓ పెద్దావిడ.

"ఈ సాఫ్ట్‌వేర్ ఫ్రీ" అంది బ్రోన్విన్ మొదటిరోజు,
"అంటే డబ్బు సంగతి కాదు" అని
చెప్పడానికి అరగంట తంటాలు పడింది.
లోపల్లోపల నవ్వుకున్నాను.
నా భాషలో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు.
ఒకటి కొసరుగా పెట్టేది,
ఇంకోటి ఎవరూ పెట్టనిది.

మొదటి పాఠం కోత.
టైమ్‌లైన్ మీద నా పగలు నీలం చారలా పరుచుకుంది,
దాని కింద నా కేక, రంపం పళ్ళలా.
కేక కత్తిరించాను. ఊపిరి మిగిలింది.
ఊపిరి కత్తిరించాను. చక్రం చప్పుడు మిగిలింది.
అది ఉంచాను.
తెగిన దారప్పోగు కూడా డబ్బాలో దాచే మనిషిని,
మౌస్ మీద వేళ్ళు చెమట పట్టాయి.
కంట్రోల్ జెడ్ అనే దయ ఒకటుందని
అప్పుడు తెలిసింది.

తర్వాత బాణం మీటతో
ఒక్కో ఫ్రేమూ మెట్టులా దిగాను.
ఇక్కడ నేల మీద నా నీడ, చెయ్యి పైకి లేచింది.
ఇక్కడ నీడ వంకర తిరిగింది.
ఇక్కడ చక్రం కాలిబాట అంచెక్కింది.
పిట్ట ఏదీ?
వెనక్కి వెళ్ళి లెక్కపెట్టాను.
నా చెయ్యి లేచిన పదకొండు ఫ్రేములకి వచ్చింది పిట్ట.
తాకనైనా లేదు,
జానెడు ఎత్తున దాటిపోయింది.

ఎవరికీ చెప్పలేదు.
ప్రమాదం ఫారంలో
"పక్షి పొడిచింది" అని నా దస్తూరీయే ఉంది.

అక్టోబరులో బొమ్మలు.
"ఇక్కడో పిట్ట, అక్కడో పిట్ట గీయి,
మధ్యవి కంప్యూటరే చూసుకుంటుంది."
చూసుకుంది. నా మాగ్‌పై
గమ్ చెట్టు నుంచి ఉత్తరాల డబ్బా దాకా
ఎక్కడా రెక్క కదపకుండా తిన్నగా జారిపోయింది.
"ఆంటీ, అది పిట్ట కాదు, ఇస్త్రీపెట్టె"
అని టావిటా కుర్చీలోంచి పడేంత నవ్వాడు.

సరే, మధ్యవీ చేత్తోనే.
ఉల్లిపొర అనే మీట ఒకటుంది.
నొక్కితే కిందటి బొమ్మ పల్చగా
కొత్త బొమ్మ అడుగున కనిపిస్తుంది.
కిందటిదాన్ని పూర్తిగా వదలకూడదు,
పూర్తిగా దాని మీదే గీయకూడదు.
ఇది ఉన్ని కంటే కష్టం, అంది బ్రోన్విన్.

నూట ముప్ఫై రెండు పిట్టలు గీశాను.
మొదటి డెబ్భై నన్ను పొడవడానికే వస్తున్నాయి.
ఆ తర్వాతెక్కడో తోక తిప్పడం పట్టుబడింది.
ఊరికే, ఖాళీగా ఉందని,
ముక్కున ఒక పురుగు పెట్టాను.
అప్పట్నుంచి అది నా వైపు రావడం మానేసింది.

లైబ్రరీ మూసే వేళ
రెండరింగ్ తొంభై ఒకటి దగ్గర ఆగింది.
పాత కంప్యూటర్ ఫ్యాను రొప్పుతోంది.
పెద్దావిడ కోటు తొడుక్కుని కూడా కదల్లేదు.
బ్రోన్విన్ సగం లైట్లు ఆర్పింది, సగం ఉంచింది.
పదకొండు సెకన్ల సినిమా.
అయిపోయాక ఎవరూ ఏమీ అనలేదు.
"మళ్ళీ వెయ్యి" అన్నాడు టావిటా.

బుధవారం పొద్దున, మెకైవర్ మలుపు.
హెల్మెట్ మీద ముళ్ళు తీయలేదు,
నాకంత ధైర్యం లేదు.
కరెంటు తీగ మీద అది.
కింద నేను, మూడు చక్రాల బండి, పిజ్జా కరపత్రాలు.
మొదటి బొమ్మ అక్కడ, చివరిది ఇక్కడ,
మధ్యవి ఇంకా ఎవరూ గీయలేదు.
రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి
లెక్కపెడుతున్నాను.