మంగళారం నుంచి

పీణ్యా రెండో స్టేజిలో, ప్రెస్ షాపు పక్క గదిలో
నా ఉద్యోగం తప్పులు దిద్దడం.
జీతం చీటీలో ఇంకేదో రాసుంటుంది, పని మాత్రం ఇదే.
‘మైసెల్ఫ్ బసవరాజ్’లో మైసెల్ఫ్ తీసేస్తాను.
‘డిస్కస్ అబౌట్’లో అబౌట్‌ని
బియ్యంలో మట్టిబెడ్డలా ఏరి పారేస్తాను.
‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ చివర ఒక ఎస్ తగిలిస్తాను.
‘డిడ్ నాట్ కేమ్’ కనబడితే
పదేళ్ళయినా లోపల చిన్న నవ్వు.

సోమవారం ఓబులేసు వచ్చాడు.
కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో రాసిన కాగితం,
అక్షరాలన్నీ గాలికి ఒరిగిన జొన్నచేనులా ఒకే పక్కకి.
“ఇంగ్లీషులో ఉంటేనే చదువుతారంట మేడమ్.
నువ్వే ఒక తూరి చూసి పెట్టు.”

నాలుగే వాక్యాలు.
ఐ యామ్ హావింగ్ ఫైవ్ ఇయర్స్ సర్వీస్.
సిన్స్ త్రీ డేస్ గార్డ్ ఈజ్ నాట్ దేర్.
ఐ టోల్డ్ టు సూపర్‌వైజర్.
మెషిన్ కట్ ఫింగర్.

ఎర్ర పెన్ను తీశాను, అలవాటుగా.
హావింగ్ కాదు, హావ్.
టోల్డ్ పక్కన టు రాదు.
గార్డ్ అంటే వాచ్‌మన్ అనుకుంటారేమోనని
ముందు సేఫ్టీ చేర్చాను.
ఎన్నాళ్ళుగానో చెబితే ఫర్ ఓబులేసూ,
ఎప్పటినుంచో చెబితే సిన్స్.
“మంగళారం నుంచి మేడమ్” అన్నాడు.
అయితే సిన్స్ ఉండనీ, అన్నాను.
సిన్స్ ట్యూస్‌డే. అందంగా కుదిరింది వాక్యం.

ఫింగర్ దగ్గర పెన్ను ఆగింది.
ఎ పెట్టాలా, ది పెట్టాలా?
తెలియనిదైతే ఎ. ముందే తెలిసిందైతే ది.
ఏ వేలు?
చూపుడువేలు. పొద్దున్నే గేటు దగ్గర
హాజరు మిషన్‌కి ఆనించే వేలు.
నిజానికి అక్కడ మై ఉండాలి, ఎందుకు రాయలేదూ అంటే
“ఇంక నాది యాడుంది మేడమ్” అని
వాడే నవ్వాడు.

సాయంత్రం శ్రీకంఠమూర్తి సార్ చదివి
గుడ్ ఇంగ్లిష్ అన్నాడు.
మంగళవారం ఉన్న వాక్యం కొట్టేశాడు.
సూపర్‌వైజర్ ఉన్న వాక్యం కొట్టేశాడు.
మిగిలినదాన్ని పాసివ్ వాయిస్‌లోకి మార్చు,
మర్యాదగా ఉంటుంది, అన్నాడు.

హిందూపురంలో మా సుగుణమ్మ టీచరు చెప్పిన రూలు:
చేసిందెవరో తెలియకపోతే, చెప్పే అవసరం లేకపోతే
బై వదిలేయొచ్చు.
పరీక్షలో ఐదు మార్కులు దానికి. ఐదూ నావే.

మన భాష మాత్రం ఏం అమాయకురాలు?
గ్లాసు పగిలింది అంటాం,
అన్నం మాడింది అంటాం, వేలు తెగింది అంటాం.
ఎవరూ ఏమీ చెయ్యని ఇళ్ళలోనే
అందరం పెరిగాం.

టైపు చేశాను.
ఫింగర్ వాజ్ ఇంజ్యూర్డ్
డ్యూ టు ఆపరేటర్స్ నెగ్లిజెన్స్.
ఆపరేటర్ తర్వాత అపాస్ట్రఫీ ఉందో లేదో
రెండుసార్లు చూసుకున్నాను.
ఉంది.

నెల తర్వాత, గేటు దగ్గర
ఓబులేసు మిగిలిన వేళ్ళు
ఒక్కొక్కటే ఆనించి చూస్తున్నాడు.
ప్లీజ్ ట్రై అగైన్, అంటోంది మిషన్
ఆడగొంతుతో, ఒక్క అక్షరం నలక్కుండా.
ప్లీజ్ ట్రై అగైన్.
వెనకనుంచి ఎవరో బేగ బేగ అంటున్నారు.
అతను పక్కకి జరిగాడు.
నా వంతు.
వేలు పెట్టాను.

థాంక్ యూ, అంది.