గడువు ముప్పై సెకన్లు

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి
సైదాపేటలో, మేడ మీది గదిలో
ముందు ఫ్యాను ఆపేస్తాను.
మైకులో హోరు పడుతుందని గొడవ పెడతారు.
చెమటలు కక్కుతూనే చరిత్ర మొదలు.

ఈ వారం నలభై ఒక్కమంది.
ముఖాల్లేవు, పేర్లే.
గోల్కొండ గుర్రం, పలాస జీడిపిక్క,
హోసూరు హేమలతమ్మ, ఈవిడొక్కతే సొంతపేరుతో ఆడుతుంది,
‘నాకేం తెలీదు’ అని పేరు పెట్టుకున్న ఒకాయన,
ప్రతి వారం రెండో స్థానం ఆయనదే.

మొదటి ప్రశ్న మెత్తగా ఉండాలి,
విస్తట్లో ముందు తీపి వేసినట్టు.
"ఈ ఇసుకనేలని కోట కట్టుకోమని
కంపెనీవాళ్లకి రాసిచ్చిన నాయకుడి ఇంటిపేరు?"
దామెర్ల అని ముప్పైమంది నొక్కారు.
వెలుగోటి అన్న ముగ్గురూ
ఓడిపోయి కూడా ఒప్పుకోరు,
వెంకటగిరివాళ్లట.
మిగతావాళ్లకి నెట్టు అందలేదట, ఎప్పుడూ ఉన్నదే.

పగలు కొరియరాఫీసులో
నా మాటకి ఆగే మనిషి లేడు.
ఇక్కడ స్టీలుగ్లాసు మీద చెంచాతో టంగుమనిపిస్తే
కాకతీయులు కూడా ఉన్నచోటనే ఆగాలి.
"అయిపోయింది!" అని అరవడంలో
నాకో చిన్న దౌర్జన్యపు సుఖం.

ఏడో ప్రశ్న నాది కాదు.
చిత్తూరు నుంచి తొమ్మిదో తరగతి పిల్ల, జోషిత,
"అక్కా, నావీ అడగవా" అని ఇరవై పంపితే
చూడకుండా ఎక్కించేశాను.
చదువుతూ చదువుతూ విన్నాను నా గొంతు:

"చెంబరంబాక్కం గేట్లెత్తాక
అడయారు ఊరిమీద పడ్డ డిసెంబరు.
ఏ సంవత్సరం?
రెండువేల నాలుగు, పది, పదిహేను, పదహారు."

నాలుగు సునామీ.
పదహారు వర్దా, వీధి చివర వేపచెట్టు పోయింది.
పదిలో ఏమీ జరగలేదు, ఈ ఇంట్లో అద్దెకి దిగాను.
పదిహేను.

ముప్పై. ఇరవైతొమ్మిది.
కరెంటు లేదు. కింది వాటా
టైలరు దక్షిణామూర్తి తలుపు కొడుతున్నాడు.
అగ్గిపెట్టె దొరకనీ, తీస్తానన్నాను.
అగ్గిపెట్టె వెతకడానికి ఎంతసేపు పడుతుంది?
వంటగట్టు, దేవుడి గూడు, గ్యాస్ బండ పక్కన.
పద్నాలుగు. పదమూడు.
దీపంతో తలుపు తీస్తే
తడి కాళ్ల గుర్తులు గడపదాకా వచ్చి
వెనక్కి తిరిగి ఉన్నాయి.
మిషను కోసం దిగి ఉంటాడు.
తొమ్మిదో మెట్టు దగ్గర నీళ్లు, నల్లగా, తీరుబడిగా.

ఆ గీత మీద రెండుసార్లు సున్నం కొట్టారు.
వానాకాలం రాగానే తేలుతుంది.
మిషను మెట్లకింద ఉంది. చక్రం తిరగదు.

"అక్కా, టైమ్ అవ్వలేదా?"
"అక్కా, మ్యూట్‌లో ఉన్నావా?"
గ్లాసు కొట్టడం మర్చిపోయాను.
ఈసారి అందరికీ కావలసినంత గడువు.

ఇరవై ఎనిమిదిమంది ఒప్పు. పన్నెండుమంది తప్పు.
‘నాకేం తెలీదు’ ఏదీ నొక్కలేదు.
కింద రాశాడు:
"నేనారోజు కోట్టూరుపురంలో ఉన్నానమ్మా.
దీన్ని ఆడలేను."
మొదటిసారి ఆయనకి సున్నా.

తిట్టొచ్చు జోషితని. దేనికి?
అప్పటికి దానికి నాలుగేళ్లు.
పల్నాటి యుద్ధం నాకెంత దూరమో
ఆ రాత్రి దానికంత దూరం.
ఆ యుద్ధం మీద నేనెన్ని పాయింట్లు పంచలేదు,
చెంచా టంగుమనిపించి,
ఎవరి తలుపు ఎవరు కొట్టారో అడక్కుండా.

"సరైన జవాబు, పదిహేను" అన్నాను.
పదేసి పాయింట్లు వేశాను.
ఎనిమిదో ప్రశ్న తెరమీదకి తెచ్చి
లేచి ఫ్యాను వేశాను.

హోరు వస్తోందక్కా, అన్నారెవరో.
అవును, వస్తోంది.
"గడువు ముప్పై సెకన్లు."