ఆదివారం గాలం

నీళ్లు ఈ వారం పాలెక్కువైన టీ రంగులో ఉన్నాయి.
పోయిన వారం ఇటుక రంగు.
రంగు తేలిందంటే చేప కంటికి ఎర కనపడుతుందని
ఫక్కీరప్ప లెక్క.

సుంకేసుల కాడ గేట్లన్నీ మూసి
ఒక్కటి మాత్రం మూరెడు లేపినారు.
పైన హోస్పేటలో ఎవరో చక్రం తిప్పితే
ఇక్కడ మా దారం బిగుసుకుంటుంది.
నెల్లూరు నుంచి మా బావమరిది ఫోన్లో
వంజరం అంటాడు, చందువా అంటాడు, వింటాను.
మాకు సముద్రం లేదు.
ఉన్నదల్లా ఎవరో వదిలిన నీళ్లు.

భాద్రపద బహుళం.
ఎండ, పెనం దించినాక మిగిలిన పొయ్యి సెగ.
మోకాటి లోతులో నీళ్లు వెచ్చగా,
నడుము లోతులో చల్లగా.
ఆ రెంటి నడుమ ఎక్కడో చేప నిలబడి ఉంటుంది,
వాకిట్లో చెప్పులు విప్పి
లోపలికి రావాలా వద్దా అని చూసే చుట్టం మాదిరి.

గట్టు మీద సైకిల్ పండబెట్టి
ఫక్కీరప్ప ఎర కలుపుతాడు:
మైదా, వేయించిన శెనగపిండి, రవ్వంత బెల్లం,
నిన్నటి ఉగ్గానిలోంచి ఏరిన నాలుగు బొరుగులు.
వాసన కోసం ఇంకేదో వేస్తాడు, చెప్పడు.
ఇరవై రెండేండ్లుగా పక్కన కూచుంటున్నా చెప్పడు.
వారమంతా పంక్చర్లు వేసే చేతులు
ఉండ చుట్టేటప్పుడు మాత్రం
పసిబిడ్డ ముక్కు తుడిచినట్టుంటాయి.

నా పని రాయడం.
కోఆపరేటివ్ బ్యాంకు అలవాటు, రిటైరైనా పోలేదు.
పాత డైరీలో ఎడమ వైపు గాలి, కుడి వైపు చేప.
తూర్పు గాలి. ఖాళీ.
గాలి లేదు. రెండు జెల్లలు, ఒకటి ముల్లు గుచ్చింది.
ఉత్తరాన ఉరుము. శీలావతి, కిలోకి రవ్వంత తక్కువ.
పడమటి గాలి. చెప్పు ఒకటి, ఎడమ కాలిది.
ఒక పేజీలో మడ్డి మరక తప్ప ఏమీ లేదు.
అది వరద ఏడు. ఆ అక్టోబరులో
మేము చేపల దగ్గరికి పోలేదు,
చేపలే వచ్చినాయి.
నీళ్లు తీసినాక బీరువా కింది అరలో,
మా ఆవిడ పట్టుచీర మడతలో,
బెత్తెడు బొచ్చెపిల్ల.
దాన్ని వండలేదు. పారెయ్యలేదు కూడా, చాలాసేపు.

పదిన్నరకి బెండు మునిగింది.
లాగుడు లేదు, కొట్టుడు లేదు,
ఎవరో కింద కూచుని ఆలోచిస్తున్నట్టు బరువు.
"వాలుగా?" అన్నాను గొంతు తగ్గించి.
"వాలుగైతే గుంజుతాది. ఇది కూచున్నాది."

నీళ్లలోంచి ముందు ఒక చెవి వచ్చింది.
తర్వాత భుజం, తీగెలు బయటపడిన మోచెయ్యి,
చేతిలో లడ్డు.
పది రోజులు నాని వొళ్లంతా తెల్లబారినా
లడ్డు మాత్రం పచ్చగానే ఉంది.

నాకేం మాట్లాడాలో తెలియలేదు.
ఫక్కీరప్ప కొక్కెం తీసినాడు,
టైరులోంచి మొల పీకినంత నెమ్మదిగా.
వేళ్ల సందుల్లో నాచు తుడిచి
"ఇంగా కరగలేదప్పా, పాపం" అని
రెండు చేతులా ఎత్తుకుని నడిచి
వెచ్చన ఆగిపోయి చల్లన మొదలయ్యే చోట
దింపి వచ్చినాడు.
లుంగీ పిండుకుంటూ అన్నాడు:
"ఈ పొద్దు ఆడ వెయ్యొద్దు. కిందికి పోదాం పా."

ఈ సంగతి ఎడమ వైపు రాయాలో కుడి వైపు రాయాలో తేలక
నడుమ గీత మీదే రాసినాను,
అక్షరాలు అటూ ఇటూ పడినాయి.

కింద సాయంత్రం దాకా
జిలేబీలు తొమ్మిది, అరచేయంత.
ముళ్లెక్కువ, పులుసుకి పనికొస్తాయి.
చీకటి పడే ముందు ఒక మోసు, కిలోన్నర,
గట్టు మీద ఎగిరెగిరి పడి
సైకిల్ బెల్లుకి తోక కొట్టింది.
ట్రింగుమంది.
ఎర డబ్బా మూత పెడుతున్న ఫక్కీరప్ప
తల ఎత్తకుండానే, అంగడి అలవాటుగా,
"వస్తాండా, వస్తాండా" అన్నాడు.